మన బడికి ముందటి కథ: సురవరం ప్రతాపరెడ్డి గారి జీవితం

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన పాఠశాల చరిత్రను నా కంటే బాగా తెలిసిన పెద్దలు రాస్తున్నారు. ఏ గది ఎప్పుడు కట్టారు, ఏ హెడ్మాస్టరు కాలంలో ఫలితాలు పెరిగాయి, ఏ బ్యాచ్‌లో ఎవరు ఎక్కడికి చేరారు అన్నది వారి వ్యాసాల్లో చదువుకుందాం. నేను అంతకంటే కొంచెం వెనక్కి వెళ్తాను. మా వృత్తిలో ఒక కట్టడం గురించి మాట్లాడాలంటే ముందు పునాది ఎట్లా పడిందో చూస్తాం. ఫీజు లేని బడి, అందులో తెలుగులో పాఠం, పక్కనే హాస్టలు, మూలగదిలో ఒక గ్రంథాలయం. ఈ నాలుగూ మనకు పుట్టుకతో వచ్చిన హక్కుల్లాగా అనిపించాయి. మా నాయన తరానికి ఇవి పూర్తిగా అందలేదు. మా తాత తరానికి ఒక్కటీ లేదు.

ఆ నాలుగింటి కోసం జీవితమంతా పని చేసిన మనిషి మన నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఆయన పేరు వినని వారు ఉండరు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది, విశ్వవిద్యాలయానికి పేరు పెట్టారు. కానీ ఆయన ఏం చేశారని అడిగితే మనలో చాలామంది గోలకొండ పత్రిక అని చెప్పి ఆగిపోతాం. మన బడితో ఆయనకున్న చుట్టరికం అంతకంటే దగ్గరిది. అందుకే ఈ వ్యాసం.

చదువు కోసం నది దాటి

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టారు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. సొంతూరు ఆలంపూర్ ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ నేలనే మనం నడిగడ్డ అంటాం. ఆనాడు తుంగభద్ర ఒక నది మాత్రమే కాదు, రెండు ప్రభుత్వాల నడుమ సరిహద్దు. ఈవలి ఒడ్డున నిజాం రాజ్యం, ఆవలి ఒడ్డున ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని.

ఈవల రాజభాష ఉర్దూ. కచేరీలో అర్జీ ఉర్దూలో, తీర్పు ఉర్దూలో. ఊళ్లల్లో ఖాన్గీ బడులుండేవి. పంతులు గారు అరుగు మీద కూర్చోబెట్టి ఓనమాలు, ఎక్కాలు, శతక పద్యాలు చెప్పేవారు. అంతకు మించి చదవాలంటే ఉర్దూలోనో ఇంగ్లీషులోనో చదవాలి, అదీ పెద్ద పట్నాల్లోనే. నూటికి పదిమంది కూడా అక్షరాలు రాని కాలం అది. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవానికి ఇంటి భాష ఒకటి, చదువు భాష మరొకటి, సర్కారు భాష ఇంకొకటి.

అందుకే బాలుడు ప్రతాపరెడ్డి నది దాటి కర్నూలుకు పోయాడు. చిన్నాన్న రామకృష్ణారెడ్డి గారి అండన అక్కడ బడి చదువు సాగింది. తర్వాత హైదరాబాదు నిజాం కళాశాల, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ., తిరువనంతపురంలో న్యాయశాస్త్రం. మద్రాసులో ఉన్న రోజుల్లో వేదం వేంకటరాయశాస్త్రి గారి వంటి మహాపండితుని దగ్గర సంస్కృతం చదువుకున్నారు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, ఉర్దూ, పారసీ అన్నీ ఆయనకు పనికొచ్చే భాషలయ్యాయి.

ఈ ప్రయాణాన్ని మ్యాపు మీద గీసి చూడండి. నడిగడ్డ నుంచి కర్నూలు, అక్కడి నుంచి హైదరాబాదు, మద్రాసు, చివరకు కేరళ కొన. ఒక పల్లె పిల్లవాడు పూర్తి చదువు చదవడానికి దక్షిణ దేశమంతా తిరగాల్సి వచ్చింది. ఆయనకు ఆదుకునే చిన్నాన్న ఉన్నాడు, వెనకాల భూమి ఉంది. అవి లేని పిల్లల సంగతి ఏమిటన్నది ఆయన తర్వాతి జీవితమంతా అడిగిన ప్రశ్న.

ఉండటానికి ఒక చోటు

లా చదివి వచ్చి ఆయన కొంతకాలం వకాల్తు చేశారు. ఆ వృత్తిలోనే ఉండి ఉంటే బాగా సంపాదించి, సుఖంగా బతికేవారు. ఆయన్ని అటు నుంచి ఇటు లాగింది మరో పాలమూరు మనిషి, వనపర్తి సంస్థానం రాయణిపేటలో 1869లో పుట్టిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు. హైదరాబాదు నగర కొత్వాలుగా, అంటే పోలీసు కమిషనరుగా పని చేసిన ప్రముఖుడు. పల్లెల నుంచి పట్నానికి చదువుకు వచ్చే పిల్లలకు తల దాచుకునే చోటు లేదని ఆయన పెద్దలను కూడగట్టి 1918లో రెడ్డి హాస్టలు పెట్టించారు.

అదే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా మొదలైంది. ఒక దేశీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం గొప్ప ప్రయోగమే. కానీ ఆ భాష ఉర్దూ. రాజ్యంలో తెలుగు మాట్లాడే వారు అందరికంటే ఎక్కువగా ఉన్నా తెలుగులో పై చదువు లేదు.

1924లో ప్రతాపరెడ్డి గారు రెడ్డి హాస్టలు బాధ్యత తీసుకున్నారు. దాదాపు పదేళ్లు ఆ పని చూశారు. హాస్టలు నడిపిన వారెవరికైనా తెలుసు, అది పేరు వచ్చే పని కాదు. బియ్యం లెక్కలు, వంటవారి తగాదాలు, జ్వరం వచ్చిన పిల్లలు, ఇంటి నుంచి డబ్బు రాని పిల్లలు. ఆ పనుల నడుమనే ఆయన అక్కడ మంచి గ్రంథాలయాన్ని పెంచారు. ఉర్దూలో పాఠాలు చదివి వచ్చిన పిల్లవాడు సాయంత్రం తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక పట్టుకునేట్టు చేశారు. తర్వాత తెలంగాణ ప్రజా పోరాటంలో ముందు నిలిచిన రావి నారాయణరెడ్డి గారి వంటి వారు ఆ హాస్టలు వాతావరణంలో పెరిగినవారే.

మన బడి పక్కన హాస్టల్లో ఉండి చదివిన మిత్రులు ఈ సంచిక చదువుతున్నారు. అచ్చంపేట దిక్కు నుంచి, కొల్లాపూర్ దిక్కు నుంచి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చిన వాళ్లు వారిలో ఉన్నారు. ఆ హాస్టలు లేకుంటే మనలో సగం మంది ఏడో తరగతితో ఆగిపోయేవాళ్లం. ఉండటానికి చోటు దొరకడం చదువులో సగం అని పల్లె పిల్లలకు ఎవరూ చెప్పనక్కర లేదు.

చదవడానికి ఒక పత్రిక

1920ల్లో నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వు అందుకే వచ్చింది. ఖాన్గీ బడులు పెట్టుకోవడానికీ అనుమతులు, ఆంక్షలు పెట్టారు. తెలుగు చెప్పే చిన్న చిన్న బడులు వాటి కింద నలిగిపోయాయి.

1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలో నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారి వంటి వారు దాన్ని పెంచి పెద్ద చేశారు. ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. అయితే ఈ ఊరి సంగతి ఆ ఊరికి తెలియాలంటే పత్రిక కావాలి. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, వరంగల్లు దిక్కున ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక మొదలయ్యాయి. హైదరాబాదు నుంచి గట్టిగా నిలిచే తెలుగు పత్రిక లోటు అట్లాగే ఉంది.

ఆ లోటు 1926 మే 10న తీరింది. వెంకటరామారెడ్డి గారి తోడ్పాటుతో, ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వచ్చింది. వారానికి రెండుసార్లు వెలువడేది. సంపాదకుడంటే నాలుగు మాటలు రాసి సంతకం పెట్టేవాడు కాదు అప్పుడు. వార్తలు రాయడం, మారుపేర్లతో వ్యాసాలు రాసి పేజీలు నింపడం, ప్రూఫులు దిద్దడం అన్నీ ఆయన పనులే.

పత్రికలో ఆయన పట్టిన విషయాలు చూస్తే ఒక ఉపాధ్యాయుని పాఠ్యప్రణాళికలాగా కనిపిస్తాయి. తల్లిభాషలో చదువు, ఊరూరా గ్రంథాలయం, ఆడపిల్లల విద్య, రైతుల కష్టాలు, వెట్టిచాకిరి, ఉద్యోగులు చేసే జులుం. సర్కారుకు ఇవి నచ్చలేదు. సంపాదకీయాలకు ముందుగా అనుమతి తీసుకోవాలని ఒత్తిడి వచ్చింది. అప్పుడాయన సొంత సంపాదకీయం మానేసి, ఆ చోటులో లోకంలోని గొప్పవారు చెప్పిన మంచి మాటలను ఏర్చి వేశారు. చదివేవారికి విషయం అర్థమయ్యేది, పట్టుకుందామంటే సర్కారుకు ఏమీ దొరికేది కాదు. ఆ పత్రిక 1947లో దినపత్రిక అయింది.

1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగినప్పుడు అధ్యక్షుడిగా ఎన్నుకున్నది ప్రతాపరెడ్డి గారినే. తెలుగులో చదువు అన్నది ఆనాటి నాయకులందరికీ ఎంత బరువైన విషయమో తెలియడానికి ఒక్క బడి కథ చాలు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు, మిత్రులు కలిసి హైదరాబాదు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో పాఠశాల పెట్టారు. తెలుగు మాధ్యమం కాబట్టి ఇక్కడ గుర్తింపు దొరకలేదు. దూరాన మహారాష్ట్ర దేశంలో కార్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసి ఆ పిల్లల చేత పరీక్షలు రాయించారు. సొంత గడ్డ మీద సొంత భాషలో పది చదవడానికి పరాయి రాష్ట్రం ముద్ర కావలసి వచ్చింది. మన పదో తరగతి మెమోలు తీసి చూసుకున్నప్పుడు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవాలి.

చెప్పుకోవడానికి ఒక చరిత్ర

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని అప్పట్లో ఒక రచయిత తేల్చి రాశాడు. మన వైపు నుంచి చూస్తే ఇది మరీ వింత మాట. గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల దర్బారులకు తిరుపతి వేంకట కవుల వంటి వారు వచ్చి సన్మానాలు పొందారు. అయినా ఆ మాట అచ్చయింది.

ప్రతాపరెడ్డి గారు దానికి కోపంతో జవాబు రాయలేదు. పత్రిక ద్వారా ఊళ్లకు కబురు పంపారు. కవులు తమ పద్యాలు, వివరాలు పంపమని కోరారు. వచ్చిన వాటిని వరస పెట్టి, దిద్ది, 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చు వేశారు. అందులో 354 మంది కవులున్నారు. వాదన అక్కడితో ముగిసింది. ఎదుటివాడు లేదన్నప్పుడు గొంతు పెంచకుండా లెక్క తీసి ముందు పెట్టడం ఇంజనీర్లమైన మాకు నచ్చే పద్ధతి.

అదే పద్ధతి ఆయన పెద్ద పుస్తకంలోనూ కనిపిస్తుంది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. అంతకు ముందు మనం బళ్లో చదివిన చరిత్ర ఎట్లా ఉండేది? ఏ రాజు ఎప్పుడు పట్టానికి వచ్చాడు, ఎవరితో యుద్ధం చేశాడు, ఎప్పుడు చచ్చాడు. ప్రతాపరెడ్డి గారు రాజులను పక్కన పెట్టి, తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 దాకా తెలుగు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు చేశారు, ఏ వ్యాపారాలు చేశారు, ఏ మూఢనమ్మకాలతో బతికారు అని వెతికారు. శాసనాల్లో అవి తక్కువ. అందుకని కావ్యాలను, శతకాలను, సామెతలను గాలించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, ఓరుగల్లు వీధులు చూపించే క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి వంటి పుస్తకాల్లో పండితులు అలంకారాలు వెతుకుతుంటే, ఆయన వంటిల్లు, సంత, పొలం వెతికారు.

ఈ పుస్తకం గురించి మొదట మాకు చెప్పింది మన బడిలో తెలుగు సారు. పాఠం మధ్యలో ఆపి, మీ ఇంట్లో ముసలమ్మ మాట్లాడే మాటలు రాసుకుని రండి, అవి కూడా చరిత్రే అన్నట్టు చెప్పేవారు. అప్పుడు మాకు నవ్వులాట. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి నడుస్తున్న పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, ఉద్యోగంలో చేరి, నాగర్‌కర్నూల్ దిక్కున పాత చెరువుల సర్వేకు పోయినప్పుడు ఆ మాట విలువ తెలిసింది. కట్ట, తూము, అలుగు, శిఖం. రైతులు ఒక్కో భాగానికి ఒక్కో పేరు చెప్పేవారు. వందల ఏళ్ల కిందటి పని ఆ మాటల్లో దాక్కుని ఉంది. ఆ మాటలకు గౌరవం ఇవ్వాలని నేర్చుకున్నది ఇంజనీరింగు పుస్తకంలో కాదు, సాంఘిక చరిత్రలో.

ఆయన చూపిన దారిలో మన ప్రాంతం వారు చాలామంది నడిచారు. నాగర్‌కర్నూల్‌లో ఉండి కపిలవాయి లింగమూర్తి గారు ఊరూరి గుడులు, స్థల చరిత్రలు, జన నానుడి సేకరించారు. ఆలంపూర్‌లో గడియారం రామకృష్ణశర్మ గారు శాసనాలు, శిల్పాలు పట్టుకుని జీవితం గడిపారు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం, 1955లో, ఆంధ్రుల సాంఘిక చరిత్రకే దక్కింది. 2007లో అదే పురస్కారం రామకృష్ణశర్మ గారి ఆత్మకథ శతపత్రముకు వచ్చింది. రెండూ నడిగడ్డకు చెందిన కలాలవే.

చివరి రోజులు

1943లో తెలుగు భాష కోసం ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడినప్పుడు ప్రతాపరెడ్డి గారు ఆ పనిలో ఉన్నారు. బళ్లలో తెలుగు లేని రోజుల్లో పరిషత్తు పరీక్షలు పెట్టి వేలమందిని తెలుగు చదివించింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. తర్వాతి ఏళ్లలో సర్కారు బళ్లలోకి తెలుగు వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు అడిగింది ఆయన కళ్ల ముందే మొదలైంది.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి 57 ఏళ్లు. సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన నాటికి ఆయన లేరు. కొత్తగా వచ్చిన తెలుగు బడుల్లో చదివిన మొదటి తరం పెద్దదవడం కూడా ఆయన చూడలేదు. ఆ బడుల వరసలో తర్వాత వచ్చినదే మన బడి.

ఆయన ఈ బడికి ఇటుక పెట్టలేదు, శంకుస్థాపన ఫలకం మీద ఆయన పేరు లేదు. కానీ నేను మొదట చెప్పిన నాలుగూ చూడండి. ఉండే చోటు కోసం హాస్టలు నడిపారు. చదివే అలవాటు కోసం గ్రంథాలయం, పత్రిక నడిపారు. సొంత భాషలో చదువు కోసం సభల్లో, సంపాదకీయాల్లో పోరాడారు. మనకూ ఒక చరిత్ర ఉందని చెప్పడానికి పుస్తకం రాశారు. ఈ నాలుగు కాళ్ల మీదనే ప్రభుత్వ ఉన్నత పాఠశాల నిలబడుతుంది. ఒక్క కాలు విరిగినా మిగతావి ఎంతో కాలం మోయలేవు.

ఇప్పుడు మన వంతు

మనలో చాలామంది మన పిల్లలను ఈ బడికి పంపలేదు. నేనూ పంపలేదు. ఉద్యోగాలు పట్నాల్లో, కాలం ఇంగ్లీషుది. దానికి ఒకరినొకరు తప్పు పట్టుకోవడం వల్ల లాభం లేదు. కానీ ఈ బడికి ఇవాళ వచ్చే పిల్లలు ఎవరు? కూలికి వలస పోయి వచ్చే తల్లిదండ్రుల పిల్లలు, తాత దగ్గర ఉండి చదువుకునే పిల్లలు, ఇంట్లో మొదటిసారి పుస్తకం పట్టిన పిల్లలు. వారికి నది దాటించే చిన్నాన్న లేడు. ఈ బడే వారికి చిన్నాన్న.

మనం కలిసిన ప్రతిసారీ గేటు కడదామా, కమాను కడదామా అని చర్చ చేస్తాం. సివిల్ ఇంజనీరును కాబట్టి డ్రాయింగు నా మీదే పడుతుంది. గీసి ఇవ్వడానికి నాకేం ఇబ్బంది లేదు. కానీ ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో నాదొక మనవి. కమాను కంటే ముందు గ్రంథాలయం గది తాళం తీద్దాం. బీరువాల్లోని పుస్తకాలు దులిపి, పిల్లల చేతికి వెళ్లేట్టు వారానికి రెండు పీరియడ్లు పెట్టమని ఉపాధ్యాయులను అడుగుదాం. ఆ రెండు పీరియడ్లు చూసుకోవడానికి ఊళ్లో ఉన్న రిటైరైన మిత్రులు ముందుకు రావాలి. హాస్టలు పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవారు ఇద్దరు కుదిరితే దానికయ్యే ఖర్చు మనం పంచుకుందాం.

ఇంకొక పని ఖర్చు లేనిది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఎవరి ఊరి సంగతులు వారిని రాయమందాం. ఊరి చెరువు పేరు, దాని తూముల పేర్లు, జాతర, వలస పోయిన వారి కథలు, ముసలివారి సామెతలు. ఏడాదికి ఒకసారి వాటిని కలిపి అచ్చు వేద్దాం. ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులను అట్లాగే పోగు చేశారు, ఊళ్లకు కబురు పంపి. ఈ పనికి నేను నా వంతు చందాతో పాటు నెలకో శనివారం ఇస్తాను. మిగతా శనివారాలకు పేర్లు సంఘం కార్యదర్శి దగ్గర రాయించండి.